విమానాశ్రయం బస్సులో మోగిన గంట

విమానాశ్రయానికి వెళ్లే ఆఖరి బస్సులో ముందు డ్రైవరు, అతని వెనుక నేను, నా పక్కన మా చెల్లెలు కూర్చున్నాము. మరే ప్రయాణికుడూ లేడు. కాపలా లేని రైలు గేటు వద్ద పట్టాలు చూసి రావడానికి కండక్టరు మంచులోకి దిగి వెళ్లాడు. అంతలో వెనుక నుండి, బయలుదేరమన్నట్లు గంట రెండుసార్లు మోగింది. బస్సు కదిలింది.

“అన్నయ్యా, కండక్టరు ఇంకా ఎక్కలేదు!”

“ఎక్కకపోతే గంటెవరు కొట్టారమ్మా, మా తాతా?” అన్నాడు డ్రైవరు.

“ఆపరా! రైలొస్తోంది!” అని ముందున్న మంచులోంచి కండక్టరు కేక వినిపించింది.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఖాళీ సీట్ల వెనుక గంట మళ్లీ మోగింది, ఈసారి ఆగకుండా. బ్రేకు మీది అతని కాలు తనంతట తానే పైకి లేవసాగింది. అతడు ఇంజను ఆపి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

“నేనడిగినా ఇవ్వకండి సార్.”

రైలు ఇంకా వెళ్తుండగానే అతడు చేయి చాచి, బతిమాలుతూ అడిగాడు.

అడగబోయే ముందే తాళంచెవిని అప్పగించిన ఆ డ్రైవరు వివేకానికి మేము ఋణపడి ఉన్నామని ఇందుమూలంగా సగౌరవంగా తెలియజేస్తున్నాను.