ఎదుటి పాత్ర

జరిగినదానికంతటికీ మూలం ఒక దగ్గు.

“ఎందుకొచ్చావు?” అని చదివి, ముసలాయన దగ్గాడు.

ఆమె చెప్పవలసిన మాట గొంతులోనే ఆగిపోయింది.

పొడవైన కిటికీలలోంచి పడుతున్న మధ్యాహ్నపు ఎండలో దుమ్ము రేణువులు నింపాదిగా తేలుతున్నాయి. ఆ తెల్లటి వెలుతురుకు అవతల, బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడిమి కుర్చీలోని బంగారు కళ్ళజోడాయన ఆమెకు కలలో మనిషిలా కనిపిస్తున్నాడు. ఆయన లోపలికి రాగానే అందరూ లేచి నిలబడటం ఆమె స్వయంగా చూసింది.

పెద్దాయనంటే ఈయనే అన్నమాట.

నటీనటులకు అవకాశాలు కుదిర్చే ఏజెంట్లు ఊరికి పదిమంది ఉంటారు. పెద్దాయన వంటివాడు ఒక్కడే. ఆయన ఫోను ఎత్తితే, నిన్నటిదాకా ముక్కూమొహం తెలియని మనిషి బొమ్మ బస్సుల మీద ఊరంతా తిరిగేది. ఆయన పెదవి విరిస్తే, సగం తీసిన సినిమా సగంలోనే ఉండిపోయేది. సభలకు తారలు కావలసిన మంత్రులు సైతం ఆయన గడపే తొక్కేవారు. ఇంతా చేసి, ఆయన ఫొటో ఏ పత్రికలోనూ పడలేదు. “మొహం చూపించుకోవలసింది నేను కాదు కదా” అనేవాడట. ఎవరినైనా ఒక్కసారే పరీక్షించేవాడు. రెండోసారి లేదు.

ఆ ఒక్కసారి కోసం ఆమె పదకొండేళ్ళు నాటకాలాడింది.

పొద్దున బయలుదేరుతుంటే అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇది కూడా కాకపోతే?”

“సోమవారం నుంచి బావ కొట్లో బట్టలు మడతపెడతాను. సరేనా?”

“మాటంటే మాటేనే. మళ్ళీ అద్దం ముందు నిలబడి డైలాగులు చెప్పావంటే ఆ అద్దం పగలగొడతాను.”

“పగలగొట్టు. బావ గడ్డం నువ్వే గీద్దువుగాని.”

అప్పుడు నవ్వింది. ఇప్పుడు ఆ సోమవారమే దగ్గి పలకరించినట్టనిపించింది.

ముసలాయన ఆమెకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరలో, మడత కుర్చీలో కూర్చున్నాడు. మోచేతుల దగ్గర వెలిసిన స్వెట్టరు, చేతిలో రెండు కాగితాలు. ఇల్లు విడిచి వెళ్ళి తిరిగొచ్చిన కూతురి పాత్ర ఆమెది. తండ్రి మాటలు చదివిపెట్టడం ఆయన పని.

ఆమె తడబాటు చూసి, చెవి మీది పెన్సిలు తీసి కాగితం అంచున ఏదో రాసుకున్నాడు.

“దగ్గు నాది, తప్పూ నాదే. మళ్ళీ మొదలుపెడదామా అమ్మా?”

“ఊఁ.”

“ఎందుకొచ్చావు?”

రైళ్ళ వేళలు చదివినట్టు చదివాడు. పైగా పెన్సిలు మళ్ళీ ఏదో రాస్తున్నా కాగితం చూడడు. ఆమె కళ్ళలోకే చూస్తాడు.

ఆమె చటుక్కున లేచి, బల్ల వైపు తిరిగింది.

“సార్, తప్పుగా అనుకోకండి. ఎదుటి మాట ఇంత చప్పగా ఉంటే నాకు మాట పుట్టడం లేదు. ఇంకెవరైనా చదువుతారా?”

బల్ల చివర కూర్చున్న సెక్రటరీ ఏదో అనబోయింది. ముసలాయనే ముందుగా అందుకున్నాడు.

“న్యాయమేనమ్మా. నా గొంతు నాకే నచ్చదు.”

కాగితాలు కుర్చీలో పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్ళిపోయాడు.

తరువాత జరిగింది ఆమెకు నీటిలో చూసినట్టు గుర్తు. ఖంగుమనే గొంతున్న నటుడొకడు వచ్చి నిలబడి, వేరే ప్రతిలోంచి తండ్రి మాటలు చదివాడు. ఆ గొంతు మీద ఆమె గొంతు లతలా పాకింది. గోడలు దూరంగా జరిగాయి. పదకొండేళ్ళ నాటకాలన్నీ ఆ కాసేపట్లోనే పండినట్టయింది. చివరి మాటకు బంగారు కళ్ళజోడాయన జేబురుమాలు తీశాడు.

గాలిలో నడుస్తున్నట్టు ఆమె ఆయన దగ్గరికి వెళ్ళింది.

“అంతా మీ దయ, సార్.”

“నా దయేముందమ్మా, ఏడిపించి చంపావు! నేను ఈ బిల్డింగు ఓనర్ని. మా ఆవిడ కునుకు తీసే వేళకి ఇలా వచ్చి కూర్చుంటాను.”

“మరి... నడిమి కుర్చీలో?”

“ఎండ పడని కుర్చీ అదొక్కటే.”

అందరూ నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు.

“అయితే పెద్దాయన ఎప్పుడొస్తారండీ?” అని ఆమె సెక్రటరీని అడిగింది.

సెక్రటరీ లేచింది. మడత కుర్చీలోని కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

కూతురి మాటల పక్కన ఒక్క గీతైనా లేదు. తండ్రి అడిగే మొదటి ప్రశ్న పక్కన మాత్రం పెన్సిలు అక్షరాలున్నాయి.

“దగ్గును కూడా విన్నది. ఇలా వినేవాళ్ళను చూసి చాలా ఏళ్ళయింది.”

దాని కింద, మరో వాక్యం సగంలో ఆగిపోయింది.

“మళ్ళీ విన్నది. ఇంకొక్క మాట చూసి...”

కిటికీ అవతల, వెలిసిన స్వెట్టరొకటి ఎండలో కలిసిపోతూ వీధి మలుపు తిరిగింది.

“చెప్పేటప్పుడు అందరూ నటిస్తారు, వినేటప్పుడే నటులెవరో తెలుస్తుందంటారమ్మా,” అంది సెక్రటరీ మెల్లగా, “అందుకే ఎదుటి పాత్ర ఎప్పుడూ పెద్దాయనే చదువుతారు.”