యజమాని పేరు

అమ్మాయీ,

నా ఫొటో స్టూడియో కంప్యూటర్లో అన్ని హక్కులూ ఉండే యజమాని లాగిన్ పేరు నాకివ్వకుండా నన్ను మామూలు మనిషిగా పెట్టావని ఏళ్ల తరబడి నా కడుపు మండుతూనే ఉంది. మొన్న జనం ముందే "నా పెత్తనం కాజేసిన దొంగవి" అన్నాను. నువ్వు తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయావు.

కొత్త ఆపరేటర్‌ని పిలిచాను.

"జనం ఇంటర్నెట్లో ఆర్డర్లు పంపే మీ ప్రోగ్రాం యజమానిగా మొదలై, ఆర్డర్లు వచ్చే తలుపు తెరవగానే ముందు యజమాని గుంపు హక్కుల్నీ, తర్వాత యజమాని పేరునూ వదిలేసి మామూలు మనిషై పోతోంది పెద్దాయనా," అన్నాడు.

"నా కొట్లో నా పేరు వదలడమేంట్రా? యజమానిగానే ఉంచు!" అన్నాను. ఉంచాడు.

సోమవారం ఆ ప్రోగ్రాంలోంచే ఎవడో దొంగ దూరాడు. అది ఏ పేరుతో నడుస్తుంటే వాడికీ ఆ పెత్తనమే వస్తుందట. యజమానిని ఆపేదెవరు? జనం దాచమన్న ఫొటోలన్నీ తుడిచేశాడు. పోయిన భార్య ఫొటో కోసం దర్జీ వస్తే, నాకు తల కొట్టేసినట్టయింది.

"మా కోడలు యజమాని పేరుతోనే పనిచేసేదా?" అని అడిగాను ఆపరేటర్‌ని.

"లేదు పెద్దాయనా, రోజువారీ పనికి మీకంటే తక్కువ హక్కులున్న పేరే పెట్టుకుంది. ఫొటోలు చూడటం వరకే, చెరిపే హక్కు లేదు. మీకైతే అదీ ఇచ్చింది."

బతిమాలడం నాకు చేతకాదు. ఆ యజమాని పేరు నీ దగ్గరే పెట్టుకో, నన్ను ఎంత కిందికి దించుతావో దించు. దర్జీకి నిజం నేనే చెప్పుకుంటాను. నువ్వు వస్తావో రావో మాత్రం గురువారం లోపల తేల్చి చెప్పు.

మీ మామ