తోలు ఆరేలోగా

"హాసినీ, నాన్న వచ్చేశారు! గుడి సాయంత్రం దాకా ఓపెన్ చేయరట. నీ క్యాంప్ చూస్తానని ఒకటే పట్టు!" కౌశిక్ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

మిన్నెసోటా నది ఒడ్డున, డకోటా ఆదివాసీలు తోలుపని నేర్పే క్యాంపులో, గుడారం ముందు నిలబడి ఉంది హాసిని. చేతుల నిండా జింక మెదడు. వాళ్ల పద్ధతిలో తోలు మెత్తబడాలంటే దానికి మెదడు పట్టించి, ఆరేదాకా సాగదీస్తూనే ఉండాలి.

"వదిలేసి చేతులు కడుక్కో!"

"ఇప్పుడు వదిలితే అట్టలా బిగుసుకుపోతుంది. ఈవిడ మనవరాలి డ్రెస్ కోసం ఇది!"

తోలు అవతలి కొస పట్టుకున్న క్యాంపు పెద్దావిడ డార్లీన్, "ఆపకు, లాగు," అంది.

మామగారు విశ్వనాథంగారిది మహా పట్టింపు. గుమ్మంలో తోలు చెప్పులు కనిపిస్తే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. వచ్చే వారం మనవడు ధృవ్‌కి ఒడుగు చేయించడానికే రాజమండ్రి నుంచి వచ్చారు. ఇది చూశాక కోడలి చేతి వంట తింటారా? అలిగి ఫ్లైటెక్కేస్తే ఒడుగు గతేమిటి?

ఆయన రానే వచ్చారు.

"ఏమిటమ్మాయీ అది?"

"తోలు, మావయ్యగారూ."

"దేనిది?"

"జింకది."

"మరి నీ చేతులకి?"

అబద్ధమాడదామన్నా కంపు ఊరుకోదు.

"దాని మెదడు."

ఆయన కళ్లు మూసుకున్నారు. కౌశిక్ "కార్ తెస్తా" అంటూ మెల్లగా జారుకున్నాడు. ఆపదలో మొగుడంటే అంతే మరి. హాసినికి ఏడుపొక్కటే తక్కువ. అయినా తోలు మాత్రం వదల్లేదు.

"నిజంగా జింకేనా? ఆవిణ్ణి ఇంకోసారి అడుగు."

అడిగింది. ముమ్మాటికీ జింకేనంది డార్లీన్.

విశ్వనాథంగారు వెనక్కి తిరిగి, కొడుకు దూరంగా ఉన్నాడని చూసుకున్నారు. కండువా నడుముకి బిగించి, వచ్చి తోలు అంచు పట్టుకున్నారు.

"ఊఁ, లాగు. ఆఖర్న చిన్న ముక్క మిగిలితే ఇమ్మనమ్మా, ధృవ్ జంధ్యానికి కట్టాలి. మీ ఆయన ఒడుగుకి జింక తోలు ఎక్కడా దొరక్క, మా ఆఫీసు ప్యూను బెల్టు ముక్క కట్టాను!"