సరే అనే ముందు

“ఈ పెద్దాయన్ని కాస్త అవతల కూర్చోమనండి. నన్ను చదువుకోనివ్వట్లేదు.”

ఆమె గొంతు వరండా అంతా వినిపించింది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

రైల్వే ఆఫీసు అటెండర్ ఇరకాటంలో పడ్డాడు. పెద్దాయనకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు.

ఆమె బస్సు డిపోలో ట్రాఫిక్ ఇన్‌చార్జి. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ డ్రైవరు ఏ రూటుకి వెళ్ళాలో చూసే మనిషి. ఇప్పుడా డిపో మూసేస్తున్నారు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

రైళ్ళు నడిపించే ఆపరేషన్స్ మేనేజర్ ఉద్యోగానికి పిలుపైతే వచ్చింది. కానీ సిగ్నళ్ళ సంగతి ఆమెకి ఓనమాలు కూడా రావు. ఈ ఏడు దాటితే వయసు కూడా దాటిపోతుంది. అందుకే ఎక్కడో ఒక సిగ్నళ్ళ పుస్తకం సంపాదించి, వరండాలో కూర్చుని కూడా బట్టీ పడుతోంది.

అటెండర్‌ని పిలవడానికి కాసేపటి ముందు, పక్కనున్న పెద్దాయన ఆమెని పలకరించాడు.

“సిగ్నళ్ళలో పనిచేశావా తల్లీ?”

“లేదండీ.”

“అయితే ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకు. అర్థం కానిది ఎవరైనా అడిగితే, అర్థం కాలేదని చెప్పెయ్. సరే అని మాత్రం అనకు. ఇక్కడ సరే అంటే బండి కదిలిపోతుంది.”

ఆమె పుస్తకం మూసింది. ఇంటర్వ్యూలో తెలీదని చెప్పమనే సలహా మేలుకోరే వాళ్ళెవరైనా ఇస్తారా?

“మీరు మీ అబ్బాయి కోసం వచ్చారా?”

“అవునమ్మా. మా అబ్బాయి కోసమే.”

“అదీ సంగతి! మీ అబ్బాయికి దారి సాఫీ చేయడానికి నన్ను తెల్లమొహం వెయ్యమంటున్నారా?”

“అది కాదు తల్లీ...”

“నాకు రైళ్ళు కొత్త కావచ్చు. అంతమాత్రాన, ఆమధ్య జంక్షన్లో రెండు రైళ్ళు గుద్దించాడే ఒక మహానుభావుడు, అలాంటిదాన్ని కాదు. ఎలా పెంచారో ఏమో అలాంటివాణ్ణి!”

పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయి, “లోపల మాత్రం...” అని మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడే ఆమె అటెండర్‌ని పిలిచింది.

“నువ్వేం ఇబ్బంది పడకు బాబూ, నేనే లేస్తాను,” అన్నాడు పెద్దాయన. వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

కాసేపటికి ఆమెకి పిలుపు వచ్చింది.

లోపల ముగ్గురున్నారు. డిపో గురించి అడిగినంతసేపూ ఆమె తడుముకోకుండా చెప్పింది. అప్పుడు మధ్యలో కూర్చున్న పెద్ద మేడమ్ ముందుకి వంగింది.

“మీరు డ్యూటీలో ఉన్నారు. సిగ్నల్ మేస్త్రీ ఫోన్ చేశాడు. ‘పాయింటు డిస్‌కనెక్ట్ చేశాం, ప్యానెల్ని నమ్మొద్దు, చేత్తో సెట్ చేసి పంపించేస్తాం, సరేనా?’ అన్నాడు. రెండు వైపులా బళ్ళు కూతలు వేస్తున్నాయి. ఏమంటారు?”

డిపోలో ఇలాంటి ఫోన్లకి ‘సరే, కానివ్వండి’ అనడం ఆమెకి అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

పెద్దాయన మీద కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆయన మాటే అడ్డం పడింది.

“ఆయన చెప్పిందాంట్లో సగం నాకు అర్థం కాలేదండీ.”

పక్కనున్న ఆఫీసర్ కనుబొమ్మలు ఎగరేశాడు. “అయితే?”

“అర్థమయ్యేలా మళ్ళీ చెప్పమంటాను. అందాకా రెండు బళ్ళనీ ఆపేస్తాను.”

“ఆలస్యమైతే పైనుంచి తిట్లు పడతాయి.”

“పడనివ్వండి. బస్సుల్లో పడ్డవే కదా.”

పెద్ద మేడమ్ నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది.

“సోమవారం చేరండి. సిగ్నళ్ళు మావాళ్ళు నేర్పిస్తారు. అర్థం కాలేదని ఒప్పుకోవడమే ఎవరికీ నేర్పలేకపోతున్నాం.”

ఆమె బయటికి వచ్చింది. ఇంటికి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ సంచిలో పెట్టేసింది. ముందు ఆ పెద్దాయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

పాపం, కొడుకు నోటి దగ్గరి కూడు తను లాక్కున్నట్టయింది. అయినా ఆయన తనకి తప్పు చెప్పలేదు.

మెట్ల మీద ఎవరూ లేరు. వీధిలోకి పరుగెత్తి అటూ ఇటూ చూసింది. జనంలో ఆయన జాడ లేదు.

రొప్పుతూ తిరిగి వచ్చి అటెండర్‌ని అడిగింది. “ఆ పెద్దాయన ఎటు వెళ్ళారు? వాళ్ళబ్బాయి ఇంటర్వ్యూ అయిపోయిందా?”

“వాళ్ళబ్బాయి ఇంటర్వ్యూకి రాలేదమ్మా.”

“మరి ఆయన ఎందుకొచ్చారు?”

“ఈ పోస్టుకి ఎప్పుడు పిలిచినా వస్తారు. సిగ్నళ్ళు తెలియనివాళ్ళెవరో కనుక్కుని, ఆ ఒక్క మాటా చెప్పి వెళ్ళిపోతారు. చాలామంది విసుక్కుంటారు. లోపలి సారువాళ్ళకీ తెలుసు, పాపం ఎవరూ వద్దనరు.”

“ఆయనకెందుకండీ ఈ బాధంతా?”

అటెండర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“మీలాగే సిగ్నళ్ళు తెలియకుండా ఇక్కడ చేరి, ఫోన్లో చెప్పింది అర్థం కాకపోయినా అడగడానికి నామోషీపడి ‘సరే’ అన్నారే, ఆ జంక్షన్ సారు... ఆయన ఈ పెద్దాయనకి ఒక్కగానొక్క కొడుకమ్మా.”