రూటు కింద ఏముంది సార్?

"ఫోటో తీస్తే చాలండీ, లెక్క మొత్తం వర్డ్‌లోకి వచ్చేస్తుంది," అన్నాడు ఇష్తియాక్. పటమటలో అతని కంప్యూటర్ షాపుకొచ్చే లెక్చరర్లంతా ఆ సాఫ్ట్‌వేరే అడుగుతారు.

రమాసుందరి వద్దంది. "ఒక్కో గుర్తూ వెతికి పెట్టుకునే పాతది ఉందిగా బాబూ, అది వెయ్యి."

"దాంతో మాస్టారు చేత్తో రాసిన లెక్కల పుస్తకం టైపు చెయ్యడం ఎప్పటికవుద్దండీ? ఒక్క పేజీకే పొద్దుగూకుద్ది!"

"గూకనీ."

అతను విసుక్కుంటూనే ఆమె ల్యాప్‌టాప్‌లో పాతదే ఎక్కించాడు.

ఇంట్లో ఆమె భర్త కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పిన గొంతు పొద్దున్నించి పెగల్లేదు. అన్నం పెడితే తిన్నాడు, అంతే. ఆమె ఆయన రాసిన పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ తెరిచింది.

"రూటు కింద ఏముంది సార్?"

ఆయన ఇటు తిరిగాడు. "ఎక్స్ స్క్వేర్ ప్లస్ వన్. రూటు గీత వన్ దాకా రావాలి, చూసుకో."

ఆమె ఒక్కో గుర్తూ అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

పేజీ పూర్తయ్యేసరికి గదిలో చీకటి పడింది.

"ఇక రేపు చేద్దాం, ఇంటికెళ్లమ్మా," అన్నాడాయన. "పాపం, మీ ఆయన ఎదురుచూస్తుంటాడు."