అరచేతి గుంట

సాయంత్రంలోగా తోట ఆఫీసుకి ఫొటో పంపని సమాధుల చోటు వేరేవాళ్ళకిచ్చేస్తారట. అందుకే సున్నం బకెట్టు పట్టుకుని నేనూ, మా తమ్ముడి భార్య కరుణా పొద్దున్నే సమాధుల తోటకి వచ్చాం.

మా అమ్మ సమాధి మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. గుర్తల్లా ఒకటే. అప్పుడు నాకు ఆరేళ్ళు. నా ఏడుపు మాన్పించడానికి తాపీమేస్త్రి నా అరచెయ్యి తడి సిమెంటులో అద్దించాడు. వరసంతా తడిమి తడిమి ఆ గుంట పట్టుకున్నాను.

ఫొటో తీశాను. అందులో గుంట లేదు. ఇప్పటి ఫోన్లన్నీ అంతే, పగిలిందీ అరిగిందీ చూపించవు. పాత కోటయినా నిన్న కట్టినట్టే ఉంటుంది. వంగి తీశాను, పక్కనుంచి తీశాను. నున్నటి రాయే.

"ఎంత బాగొచ్చిందో! పంపించెయ్ వదినా," అంది కరుణ.

"ఏమని పంపను? ఇందులో అన్ని సమాధులూ ఒక్కలాగే ఉన్నాయి."

గుంటలో బొగ్గు రుద్దాను. ఫోను మరకనుకుని తుడిచేసింది. ఒళ్ళు మండి సమాధి మీదే చతికిలబడ్డాను.

"ఆఫీసుకి ఫోన్ చెయ్. కళ్ళున్న మనిషిని పంపమను. అప్పటిదాకా లేవను."

"అక్కడ మనుషులెక్కడున్నారు వదినా?"

"అయితే నన్నే ఫొటో తియ్యి!"

తీసి చూపించింది. నెరిసిన జుట్టు లేదు, ముడతల్లేవు. పాతికేళ్ళ మనిషి కోపంగా కూచుని ఉంది. అమ్మ పోయింది ఆ వయసులోనే.

"పంపు," అన్నాను. "ఇది మా అమ్మే."