వాసన లేని ఇల్లు

రెండు పిల్లుల్లో ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయమని తెరమీదే పరీక్షించే పశువుల డాక్టరు మూడోసారి చెప్పడంతో, నేను డాక్టరునే మార్చేశాను. ఒక్క కడుపున పుట్టిన గవ్వనూ మిరియాన్నీ విడదీయడం నా వల్ల కాదు. ఈ కొత్త ఫ్లాట్‌కి వచ్చినప్పటినుంచీ అవి రక్తాలొచ్చేలా రక్కుకుంటున్నాయి. మా అత్తగారైతే భోజనానికి కూడా తన గది దాటడం లేదు.

కొత్త డాక్టరు పైడిరాజు గారు స్వయంగా ఇంటికొచ్చారు. పిల్లుల్ని చూడకముందే గాలి పీల్చి చూశారు.

"ఏటమ్మా, ఈ ఇంట్లో ఏ వాసనా లేదేటి?"

"గంటకోసారి గోడలే వాసనలన్నీ పీల్చేస్తాయండీ," అన్నాను గొప్పగా.

"పిల్లి తన తోబుట్టువుని వాసన బట్టే పోల్చుకుంటాదమ్మా. గంటగంటకీ మీ ఇల్లు ఆటిని పరాయోళ్లని చేసేస్తంది. ముందది ఆపీండి."

ఆపేశాను. ఆయన తన తువ్వాలుతో గవ్వ బుగ్గలు తుడిచి, దాంతోనే మిరియాన్నీ తుడిచారు. రోజూ అలా చేయమన్నారు.

పదోనాటికి రెండూ ఒకే కుర్చీలో ముడుచుకుని పడుకున్నాయి. ఆ మధ్యాహ్నం చారులో ఇంగువ పోపు వేశాను. కాసేపటికి అత్తగారు తలుపు తీసుకుని వచ్చి, వంటింట్లో కూర్చున్నారు.

"నాకూ ఇక్కడే వడ్డించమ్మా," అన్నారు.

మా ఇంట్లో ఎంతమందికి వైద్యం చేశారో పైడిరాజు గారికి ఇంకా తెలీదు.